మీఠా పానీ గవాహి

మన ఇండ్లల్లో నీళ్ళకు రెండే పేర్లు. మీఠా పానీ, ఖారా పానీ. మీఠా పానీ తాగడానికి, వంటకు, మెహమాన్లు వస్తే షర్బత్‌కు. ఖారా పానీ బట్టలకు, గిన్నెలకు, వాకిలి కడగడానికి. ఈ ఫైసలా చేసేది మన జబాన్. కొత్తగా బోరు వేయిస్తే ఇంట్లో పెద్ద ఆడమనిషి దోసిట్లో నీళ్ళు పట్టి ఒక గుక్క తాగుతుంది. "మీఠా హై" అన్నదంటే ఆ బోరుకు ఇక తిరుగులేదు. ఇంకో రెండు పరీక్షలు కూడా ఉంటాయి. పప్పు తొందరగా ఉడకాలి. సబ్బు బాగా నురగ రావాలి. ఈ మూడు ఇమ్తిహాన్లు పాసైన నీళ్ళను కరీంనగర్‌లో గానీ ఆదిలాబాద్‌లో గానీ మనవాళ్ళు ఎవరూ అనుమానించరు.

నేను పదేళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెప్తున్నాను. ఈ మూడు పరీక్షలకూ దొరకని చీజ్ ఒకటి నీళ్ళల్లో ఉంటుంది. దాన్ని పట్టుకునే కడ్డీ ఒకటి మా ల్యాబ్‌లో ఉంటుంది, పెన్ను కంటే కొంచెం లావుగా. ఆ కడ్డీ ఎట్లా పనిచేస్తుందో, అది మా ఇంట్లో ఏండ్ల నాటి ఝగ్డాను ఎట్లా తేల్చిందో రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను.

మేము ఇద్దరం అక్కచెల్లెళ్ళం. ఒకే అమ్మీ, ఒకే అబ్బా. ఊళ్ళో మంచి బడి లేదని నన్ను మూడేండ్ల వయసులోనే కరీంనగర్‌లో నానీ ఇంటికి పంపించిండ్రు. అక్కడ మానేరు డ్యాం నుంచి వచ్చే నల్లా నీళ్ళు తాగి పెరిగాను. చెల్లె వేములవాడ వైపు మా ఊళ్ళోనే ఉండిపోయింది. అక్కడ మా ఇంటి వెనక బోరు ఉంది. గల్లీ మొత్తం బిందెలు పట్టుకొని వచ్చేంత మీఠా పానీ.

చెల్లెకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చినప్పుడు వాటి మీద సున్నపు చుక్కల్లాంటి తెల్ల మచ్చలు కనిపించినయి. పెద్దదైన కొద్దీ అవి పసుపుగా, కొన్నిచోట్ల గోధుమరంగు చారలుగా మారినయి. మన దగ్గర వీటిని గార పళ్ళు అంటారు. అమ్మీ దృష్టిలో అది చెల్లె కసూర్. "బ్రష్ సరిగ్గ చెయ్యదు, చాక్లెట్లు తింటది" అని రోజూ తిట్లు. బొగ్గుతో తోమించింది, ఉప్పుతో తోమించింది, నిమ్మతొక్క రుద్దించింది. మచ్చలు పోలేదు, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. పదో క్లాసుకు వచ్చేసరికి నవ్వు వస్తే దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చెల్లెకు అలవాటైపోయింది. మా నికా ఫోటోల్లో, ఈద్ ఫోటోల్లో ఎక్కడ చూసినా పెదాలు మూసుకునే ఉంటుంది.

తర్వాత రిష్తాలు మొదలైనయి. ఒకసారి వచ్చినవాళ్ళు చాయ్ తాగిండ్రు, బిర్యానీ తిన్నరు, చెల్లెతో మంచిగా మాట్లాడిండ్రు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర వాళ్ళ పెద్దామె అమ్మీ చెవిలో అన్నది: "లడ్కీ అచ్ఛీ హై, లేకిన్ దాంత్..." ఆ మాట అక్కడితో ఆపేసింది. మిగతాది మా ఇంట్లో పూర్తయింది. ఆ రాత్రి ఎవరూ దస్తర్‌ఖాన్ పరవలేదు.

పంటి మీద ఎనామిల్ పొర చిన్నతనంలోనే తయారవుతుంది. శాశ్వత పళ్ళు చిగురు లోపల కట్టుకుంటున్న ఆ ఏడెనిమిదేండ్లలో తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగ్గా గట్టిపడదు. పళ్ళు బయటికి వచ్చేసరికే మచ్చ లోపల పడిపోయి ఉంటుంది. బ్రష్‌కు, బొగ్గుకు, చాక్లెట్‌కు దాంతో వాస్తా లేదు. మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట బయటి లోకానికి తెలిసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ళ నుంచి. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. నల్గొండ పేరు అంత పెద్దగా వినబడటం వల్ల, ఇది అక్కడి బాధ, మనది కాదు అని ఉత్తర తెలంగాణలో చాలామందికి ఒక యకీన్.

రాయికి జిల్లాల హద్దులు తెలియవు. మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైట్. కరీంనగర్ గుట్టల నుంచి కోసిన టాన్ బ్రౌన్ గ్రానైట్ ఓడలెక్కి చైనా దాకా పోతుంది. ఇట్లాంటి రాళ్ళల్లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ అనే ఖనిజాలు ఉంటాయి. వాన నీళ్ళు పగుళ్ళల్లో దిగి ఏండ్ల తరబడి ఆ రాతితో సోపతి చేస్తే ఫ్లోరైడ్ కరిగి నీళ్ళల్లోకి వస్తుంది. బోరు ఆ పగుళ్ళల్లోకి దించిన గొట్టమే. పాత ఆదిలాబాద్ జిల్లాలోని బాసర చుట్టుపక్కల బోరు నీళ్ళను పరీక్షించి, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ హద్దు దాటిందని 2017లో పరిశోధకులు అచ్చువేశారు. బాసర అంటే గోదావరి ఒడ్డు. పక్కన నది ఉన్నంత మాత్రాన బోరులో నది నీళ్ళు రావు.

ఇక్కడ నన్ను చాలా ఆలోచింపజేసిన హకీకత్ ఒకటి ఉంది. నీళ్ళల్లో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలవలేదు. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకట్టి రాతిలోనే ఉండిపోతాయి. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్ళల్లో ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరుగుతుంది. కాల్షియం తక్కువంటే ఏమిటి? సబ్బు బాగా నురగ వస్తుంది. పప్పు తొందరగా ఉడుకుతుంది. అంటే మనం దేన్ని చూసి "బడా అచ్ఛా పానీ" అని మురుస్తామో, చాలాసార్లు అదే ఫ్లోరైడ్‌కు అనుకూలమైన నీరు. ప్రతి మీఠా పానీలో ఫ్లోరైడ్ ఉంటుందని కాదు. కానీ వంటింటి మూడు ఇమ్తిహాన్లూ ఈ విషయంలో గవాహి ఇవ్వలేవు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, జాయ్‌కా లేదు. కాచితే పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

మరి దాన్ని ఎట్లా కొలవాలి? రంగు మార్చే మందులతో కొలిచే కిట్లు ఉన్నాయి. లేత రంగుకూ ముదురు రంగుకూ మధ్య కంటితో తేల్చుకోవాలి. ల్యాబ్‌లో నేను వాడేది వేరే తరీఖా. ఆ నీళ్ళతోనే ఒక సెల్ తయారుచేసి, దాని వోల్టేజీ చూడటం.

సెల్ అంటే మనకు టార్చ్‌లైట్ సెల్, గోడ గడియారం సెల్. దానితో పని చేయించుకోవడమే మనకు తెలుసు. ప్రశ్న కూడా అడగవచ్చు. ఇంటర్‌లో డేనియల్ సెల్ చదివిన వాళ్ళకు గుర్తుంటుంది: జింక్ సల్ఫేట్‌లో జింకు కడ్డీ, కాపర్ సల్ఫేట్‌లో రాగి కడ్డీ, మధ్యలో సాల్ట్ బ్రిడ్జి. రెండు ద్రావణాలూ ఒకే గాఢతలో ఉంటే దాదాపు 1.1 వోల్టులు. ఇప్పుడు రాగి ద్రావణాన్ని పదింతలు పల్చన చేస్తే వోల్టేజీ 30 మిల్లీవోల్టుల దాకా తగ్గుతుంది. కడ్డీలు అవే, గ్లాసులు అవే. మారింది ద్రావణం గాఢత ఒక్కటే. అంటే వోల్టేజీ చూసి గాఢత చెప్పవచ్చు. ఈ లెక్కను జర్మనీకి చెందిన వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో సూత్రంగా రాశారు. ఒకే ఆవేశం ఉన్న అయాన్లకు, 25 డిగ్రీల వేడిలో, గాఢత పదింతలు మారితే వోల్టేజీ సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. రాగికి రెండు ఆవేశాలు కాబట్టి దానికి సగం.

సాల్ట్ బ్రిడ్జి మాట వచ్చింది కాబట్టి ఒక తమాషా చెప్తాను. దాన్ని తయారుచేయడానికి పొటాషియం క్లోరైడ్‌ను అగర్ అగర్‌లో కలిపి వంపు గొట్టంలో పోసి గడ్డకట్టిస్తాం. ఆ అగర్ అగర్ ఏదో కాదు, రంజాన్‌లో పాలు, చక్కెర పోసి మనం చేసుకునే చైనా గ్రాస్. ఈ మాట చెప్పిన రోజు క్లాసులో మన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుతారు. ఇక ఆ పాఠం మరిచిపోరు.

మా నానా ఉర్దూ మీడియంలో చదివిన తరం. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు అక్కడ సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్ళు. దానికి ఏడాది ముందు నుంచే తర్జుమా కోసం దారుల్ తర్జుమా పనిచేసింది. ఆ జబాన్ బడి పుస్తకాల ద్వారా నానా దాకా వచ్చింది. ఎలక్ట్రోడ్‌ను ఆయన బర్ఖీరా అనేవారు, కెమిస్ట్రీని కీమియా. నేను ఎమ్మెస్సీలో చేరినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఇదే: "ఒక్క బర్ఖీరాతో వోల్టేజీ వస్తుందా బేటా?" రాదు. కొలత ఎప్పుడూ రెండింటి మధ్య ఫర్క్. నీళ్ళను బట్టి మారే ఎలక్ట్రోడ్ ఒకటి, ఏ నీళ్ళల్లో ముంచినా మారని ఎలక్ట్రోడ్ ఇంకొకటి. మారనిదాన్ని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అంటాం. మామూలుగా అది సిల్వర్ క్లోరైడ్ పూసిన వెండి తీగ, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో మునిగి ఉంటుంది. దాని నిలకడ మీదే మొత్తం కొలత ఆధారపడుతుంది. అది కదిలితే ఎదుటి నీళ్ళ గురించి ఏం చెప్పినా అబద్ధమే.

ఇంకో షర్తు ఉంది. కొలిచేటప్పుడు సెల్ నుంచి కరెంటు తీసుకోకూడదు. పక్కపక్కన రెండు చెరువులు ఉన్నాయనుకోండి. ఏది ఎత్తులో ఉందో తెలుసుకోవడానికి మధ్యలో తూము తెరిస్తే నీళ్ళు పారి, మనం కొలవాలనుకున్న ఫర్క్ కళ్ళ ముందే తగ్గిపోతుంది. తూము మూసే ఉంచి కొలవాలి. 1841లో పోగెన్‌డార్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి ఉపాయం కనిపెట్టాడు. కొలవాల్సిన సెల్‌కు ఎదురుగా అంతే వోల్టేజీని నిలబెట్టడం. రెండూ సమానమైతే ఎటూ కరెంటు పారదు, గాల్వనోమీటర్ ముల్లు సున్నా మీద ఆగిపోతుంది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో పొడుగాటి చెక్క మీద పది తీగలు లాగి, జాకీని జరుపుతూ ముల్లు కోసం చూసిన పొటెన్షియోమీటర్ అదే. బంగారం దుకాణంలో తరాజూ రెండు పళ్ళాలూ సరిసమానంగా ఆగినట్టు. ఇప్పటి మీటర్లు తీగ లేకుండానే ఆ పని చేస్తాయి. వాటి లోపలి నిరోధం ఎంత ఎక్కువంటే సెల్ నుంచి దాదాపు ఏమీ తీసుకోవు.

మన ఇండ్లల్లో అందరికీ తెలిసిన షుగర్ మిషన్‌తో పోల్చితే ఈ తేడా బాగా అర్థమవుతుంది. షుగర్ స్ట్రిప్ కూడా ఒక చిన్న సెల్లే. కానీ అది రక్తపు చుక్కలోని గ్లూకోజును ఖర్చుచేసి, వచ్చిన కరెంటును కొలుస్తుంది. అది వేరే దారి. ఎండకాలంలో వడదెబ్బ తగిలి దవాఖానలో చేరితే "సోడియం పడిపోయింది, పొటాషియం చూడాలి" అంటారు కదా, ఆ సోడియం, పొటాషియం చూసే మిషన్లది మాత్రం మన దారి. లోపల ఎలక్ట్రోడ్లు, రిఫరెన్స్, మధ్యలో మిల్లీవోల్టుల ఫర్క్. పత్తి చేను మట్టిని పరీక్షకు ఇస్తే, ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ళు నీళ్ళు కలిపి పీహెచ్ చూసేది కూడా ఇట్లనే.

ఆ పీహెచ్ చూసే గాజు ఎలక్ట్రోడ్ ఈ ఖాందాన్‌లో పెద్దన్న. పల్చటి గాజు పొరకు రెండు వైపులా వేర్వేరు ఆమ్లత ఉంటే దాని మీద వోల్టేజీ పుడుతుందని 1906లో క్రెమర్ చూశాడు. 1909లో హేబర్, క్లెమెన్సివిచ్ దాన్ని కొలిచే సాధనంగా మార్చారు. పీహెచ్ అనే లెక్కను సోరెన్‌సెన్ ఇచ్చింది కూడా అదే 1909లో. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపు కొలవడానికి ఒక మీటర్ తయారుచేశాడు. దాంతో ఈ కొలత ల్యాబ్ బల్ల నుంచి ఫ్యాక్టరీల్లోకి వచ్చింది.

ఫ్లోరైడ్ వంతు 1966లో వచ్చింది. ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు గాజు బదులు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికాన్ని వాడారు. అందులో కొద్దిగా యూరోపియం కలుపుతారు. కడ్డీ కొసన బిళ్ళలా కనిపించేది ఆ స్ఫటికమే. శాదీఖానా గేటు దగ్గర దావత్‌నామా చూసి లోపలికి పంపించే మనిషి లాంటిది అది. ఫ్లోరైడ్ అయాన్లు మాత్రమే అందులో కదలగలవు. క్లోరైడ్ వచ్చినా, నైట్రేట్ వచ్చినా, సల్ఫేట్ వచ్చినా గేటు బయటే. కడ్డీ లోపల ఎంత ఫ్లోరైడ్ ఉందో మనకు తెలుసు. బయట మా ఊరి నీళ్ళల్లో ఎంత ఉందో తెలియదు. ఆ రెంటి ఫర్క్ స్ఫటికం మీద వోల్టేజీగా నిలబడుతుంది. నీళ్ళల్లో ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ మిల్లీవోల్టులు తగ్గుతాయి.

ఆ గేటు మనిషిని కూడా మోసం చేసేది ఒకటి ఉంది, హైడ్రాక్సైడ్. ఫ్లోరైడ్ అంత సైజు, అదే ఆవేశం. క్షారం ఎక్కువైన నీళ్ళల్లో అది ఫ్లోరైడ్ వేషంలో లెక్కలోకి దూరుతుంది. ఆమ్లం ఎక్కువైతే ఫ్లోరైడే హైడ్రోజన్‌తో కలిసి దాక్కుంటుంది. అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను చేయి పట్టుకొని వదలవు. అందుకని శాంపిల్ నీళ్ళల్లో సగానికి సగం టైసాబ్ అనే ద్రావణం కలుపుతాం. అందులోని ఉప్పు అన్ని శాంపిళ్ళనూ ఒకే స్థాయికి తెస్తుంది. బఫర్ పీహెచ్‌ను అయిదు, అయిదున్నర మధ్య నిలబెడుతుంది. మూడోది ఇనుము, అల్యూమినియం చేతుల నుంచి ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది.

ఇన్ని చేసినా ఎలక్ట్రోడ్ మాటను సీదాగా నమ్మం. ముందు దాన్నే పరీక్ష పెడతాం. 2.21 గ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు నీళ్ళల్లో కరిగిస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. దాన్ని పల్చన చేసి 1 మిల్లీగ్రాముది, 10 మిల్లీగ్రాములది తయారుచేసి రెండిట్లో ముంచి చూస్తాం. 59కి దగ్గరగా ఫర్క్ చూపించకపోతే ఆ రోజు దాని గవాహి చెల్లదు. వేడి కూడా చూసుకోవాలి. మే నెలలో ల్యాబ్ 45 డిగ్రీలకు పోతే ఆ 59 కాస్తా 63 అవుతుంది. ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే లెక్కలో నూటికి నాలుగు పాళ్ళ తప్పు వస్తుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళల్లో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సహించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. ఆ ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య మీటర్ మీద ఫర్క్ పది మిల్లీవోల్టులు. టార్చ్‌లైట్ సెల్ వోల్టేజీలో నూట యాభయ్యో వంతు. ఒక పిల్ల పళ్ళు ఆ సన్నటి గీతకు ఇటో అటో పడతాయి.

ఒక సెలవులో ఊరికి పోయినప్పుడు మా బోరు నీళ్ళను ప్లాస్టిక్ సీసాలో పట్టుకొచ్చాను. ఫ్లోరైడ్ గాజును కొరుకుతుంది కాబట్టి శాంపిల్‌కు ప్లాస్టిక్కే వాడాలి. పక్కన నానీ ఇంటి నల్లా నీళ్ళు కూడా పెట్టాను. ఆ రోజు 1 మిల్లీగ్రాము స్టాండర్డ్ 98 మిల్లీవోల్టులు చూపించింది, 10 మిల్లీగ్రాములది 40. ఫర్క్ 58, ఎలక్ట్రోడ్ ఈమాన్‌గానే ఉంది. నల్లా నీళ్ళు 118 చూపించినయి. లెక్కవేస్తే అర మిల్లీగ్రాము కూడా లేదు. మా బోరు నీళ్ళు 74. అంటే లీటరుకు రెండున్నర మిల్లీగ్రాముల పైన. కడిగి, తుడిచి మళ్ళీ ముంచాను. మళ్ళీ 74.

ఫోన్లో చెప్పకుండా ఆదివారం ఇంటికి పోయి చెప్పాను. ఇద్దరి చిన్నతనం, ఇద్దరి నీళ్ళు, రెండు నంబర్లు ఒక కాగితం మీద రాసి అమ్మీ ముందు పెట్టాను. అమ్మీకి మిల్లీవోల్టులు తెలియవు. కానీ రెండు కొలతల మధ్య ఫర్క్ ఏందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెల్లె వైపు చూసి, "గిన్నేండ్లు బొగ్గుతోని తోమిపిస్తి గదనే. బేకసూర్ థీ తూ" అన్నది. చెల్లె నవ్వింది. చేయి అలవాటుగా దుపట్టా దాకా పోయి, మధ్యలో ఆగింది.

ఆ నంబర్‌తో చెల్లె పళ్ళు తెల్లబడలేదు. పడిన మచ్చను నీళ్ళు మార్చినా తీయలేం. కానీ ఇల్జామ్ తీసేయవచ్చు. మన ఇండ్లల్లో ఇట్లాంటి ఇల్జామ్‌లు ఎప్పుడూ ఆడపిల్లల మీదనే ఎందుకు వచ్చి పడతాయో నాకు అర్థం కాదు. అదే గల్లీలో అదే నీళ్ళు తాగిన అబ్బాయిల పళ్ళ మీద కూడా అవే చారలు ఉన్నాయి. వాళ్ళ రిష్తాలు ఆగిపోయిన మాట నేను వినలేదు.

నా సుస్రాల్ నిర్మల్ వైపు. ఈ సంగతి తెలిసిన తర్వాత మా అత్తమ్మ కూడా, "బహూ, హమారా పానీ భీ దేఖ్ లే" అని సీసాలు పంపించింది. ఒకే గల్లీలో ఎదురెదురు ఇండ్ల బోర్లు. ఒక దాంట్లో 0.8, ఇంకో దాంట్లో 1.9. లోతు వేరు, లోపలి పగులు వేరు. పక్కింటి బోరు మంచిదైతే మనది కూడా మంచిదే అన్న నమ్మకం చెల్లదని అప్పుడు గల్లీ మొత్తానికి తెలిసింది. ఎక్కువ వచ్చిన ఇంటివాళ్ళు మొదట నారాజ్ అయిండ్రు. తర్వాత తాగడానికి, వంటకు ఎదురింటి నుంచే నీళ్ళు తెచ్చుకుంటున్నరు.

ఇప్పుడు చాలా ఊళ్ళకు మిషన్ భగీరథ నల్లాలు వచ్చినయి. అవి నదుల నుంచి, రిజర్వాయర్ల నుంచి తెచ్చి శుభ్రం చేసిన నీళ్ళు. నది నీళ్ళల్లో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువే ఉంటుంది. అయినా మన పెద్దవాళ్ళు ఒక గుక్క తాగి "బ్లీచింగ్ బాస్ ఆరీ" అని గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ బోరు మీఠా పానీకే పోతున్నారు. ఆర్వో క్యాన్లు కొనే ఇండ్లల్లో తాగడానికి క్యాన్, చాయ్‌కి, పప్పుకు, అన్నానికి బోరు. ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది, నిజమే. కానీ వంటలో పోసిన బోరు నీళ్ళు కూడా పిల్లల కడుపులోకే పోతాయి కదా.

కాబట్టి మీ ఇంట్లో ఎనిమిదేండ్ల లోపు పిల్లలు ఉంటే, లేదా ఇంటికి కొత్త కోడలు వచ్చి పిల్లలు పుట్టే ఉమ్మీద్ ఉంటే, బోరు నీళ్ళను ఒకసారి పరీక్ష చేయించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, బోరు కాసేపు నడిపించిన తర్వాత నింపండి. జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇవ్వండి, లేదా మీ దగ్గరి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాళ్ళను అడగండి. "నీళ్ళు మంచివేనా" అని అడిగితే "మంచివే" అన్న జవాబే రావచ్చు. "ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు" అని అడిగి నంబర్ రాయించుకోండి. ఎండకాలంలో ఒకసారి, వానలు పడ్డ తర్వాత ఒకసారి చూపిస్తే ఇంకా మంచిది. బోరు ఇంకా లోతుకు దించితే మళ్ళీ చూపించాలి.

ఒకటిన్నర దాటితే తాగడానికి, వంటకు వేరే నీళ్ళు చూసుకోవడమే అన్నిటికన్నా సులువైన దారి. నల్లా ఉంటే ఆ నీళ్ళు పట్టి కుండలో రాత్రంతా మూత కొద్దిగా తీసి ఉంచండి, బ్లీచింగ్ వాసన చాలావరకు పోతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసి నల్గొండ పేరే పెట్టింది. కానీ మోతాదు తెలియకుండా ఇంట్లో అందాజాగా చేయవద్దు. పిల్లలకు పాలు, పెరుగు, ఆకుకూరలు బాగా పెట్టండి. పెద్దవాళ్ళకు నడుము, మోకాళ్ళు బిగుసుకుపోతుంటే డాక్టర్‌కు చూపించేటప్పుడు మీ బోరు నంబర్ కూడా చెప్పండి. ప్రతి నొప్పీ ఫ్లోరైడ్ వల్ల కాదు. కానీ ఆ నంబర్ ఉంటే డాక్టర్‌కు ఒక దారి కనిపిస్తుంది.

ఇంకో మాట. రిష్తా చూడబోయిన ఇంట్లో అమ్మాయి నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంటే, ఆ పిల్ల ఏ ఊళ్ళో పెరిగింది, ఏ నీళ్ళు తాగింది అని ఒకసారి అడగండి. మీ ఇంట్లో చాయ్ కాస్తున్న నీళ్ళు ఎంతవో కూడా తెలుసుకొని పోండి.